పుస్తకాల అలమరకి ఏ చెక్క? తక్కువ ఖర్చులో సొంతంగా చేసుకునేవారి కోసం ఒక పోలిక

కాకినాడలో మేము అద్దెకున్న ఇంట్లో రెండో వానాకాలం పోయేసరికి పుస్తకాల అలమర అడుగు పలక తడిసిన అటుకుల్లా ఉబ్బిపోయింది. రెడీమేడ్‌గా కొన్నది. పైన టేకు రంగు, నున్నటి పొర. లోపలున్నది చెక్క తురుము జిగురుతో కలిపి నొక్కిన పార్టికల్ బోర్డు. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ అంచుకి తగులుతూ వచ్చింది, అంతకుమించి దానికి జరిగిన అన్యాయం ఏమీ లేదు. ఊడిన స్క్రూ మళ్ళీ బిగిద్దామని చూస్తే రంధ్రంలోంచి పొట్టు రాలింది.

ఆ అలమర కోసం పెట్టిన డబ్బు తలుచుకుని రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు మా వీధి చివర పనిచేసే వడ్రంగి మేస్త్రీని అడిగాను, ఇంత డబ్బులో మంచిది చేసుకోవచ్చా అని. ఆయన చెక్క పేరు చెప్పలేదు. "ఎంత బరువు పెడతారమ్మా? నీళ్ళు తగులుతాయా? ఇల్లు మారతారా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. అప్పటి నుంచి రెండు అలమరలు, ఒక రాతబల్ల, వంటింట్లో ఒక స్టాండు సొంతంగా చేసుకున్నాం. ప్రతిసారీ ఆ మూడు ప్రశ్నలే దారి చూపించాయి. ఈ పోలిక కూడా వాటి మీదే నడుస్తుంది.

ధరలు ఊరు మారితే మారతాయి, ఏడాది తిరిగితే మారతాయి. అందుకని రూపాయలు రాయడం కన్నా మీ ఊళ్ళో ధర అడిగి మీరే లెక్క కట్టుకునే పద్ధతి చెప్పడం మేలనిపించింది. ఒకే వస్తువుని కొలబద్దగా పెట్టుకుందాం: 6 అడుగుల ఎత్తు, లోపల 30 అంగుళాల వెడల్పు ఉన్న పుస్తకాల అలమర.

ముందు బరువు సంగతి

పుస్తకాలు మనం అనుకునేదాని కన్నా బరువు. వరసగా నిలబెట్టిన పుస్తకాలు అడుగు పొడవుకి సుమారు 10 కిలోలు తూగుతాయి. 30 అంగుళాల అర మీద 25 కిలోలు. అయిదు అరలు నిండితే 125 కిలోలు. ఇద్దరు మనుషుల్ని అలమర ఎక్కించి ఏళ్ళ తరబడి అక్కడే కూర్చోబెట్టినట్టు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అరని పొడవుగా పెట్టడం. గోడ నిండుగా కనిపిస్తుందని మూడు అడుగులు, మూడున్నర అడుగులు పెట్టేస్తారు. అర నిండా పుస్తకాలుంటే, పొడవు 30 అంగుళాల నుంచి 36కి పెరిగేసరికి మధ్యలో వంపు రెట్టింపు అవుతుంది. పెరిగింది ఆరంగుళాలే అయినా పలక బరువుకి లొంగే తీరు పొడవుతో పాటు అంత వేగంగా పెరుగుతుంది. మందం సంగతి దీనికి తిరగేసి: పలక మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు. కాబట్టి అర వంగకూడదంటే ఖరీదైన చెక్క వెతకడం కన్నా మధ్యలో ఒక నిలువు పలక పెట్టడం చవక. 18 ఎంఎం ప్లైవుడ్ అయితే 30 అంగుళాలు, పార్టికల్ బోర్డు అయితే 24 అంగుళాలు దాటకపోవడం నేను పెట్టుకున్న హద్దు.

ప్లైవుడ్: నా మొదటి ఓటు

ప్లైవుడ్ షీటు 8 అడుగులకి 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. షాపులో ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు. దాన్ని 32తో గుణిస్తే మన అలమరకి కావలసిన అసలు చెక్క ధర వచ్చేస్తుంది. ఎందుకంటే ఈ అలమర సరిగ్గా ఒక్క షీటులో తీరుతుంది. ఎలాగో చెబుతాను, కాగితం మీద గీసుకోండి.

షీటుని పొడవునా నాలుగు బద్దీలుగా కోయించండి, ఒక్కొక్కటి 11¾ అంగుళాల వెడల్పు. రంపం తినే సందుతో కలిపి 48 అంగుళాల్లో ఇవి సరిపోతాయి. రెండు బద్దీల నుంచి 72 అంగుళాల నిలువు పలకలు రెండు. మిగిలిన రెండు బద్దీల నుంచి మూడేసి చొప్పున 30 అంగుళాల అరలు ఆరు. అడుగున ఒకటి, పైన ఒకటి, మధ్యలో నాలుగు. అరకీ అరకీ మధ్య పదమూడున్నర అంగుళాలు వస్తుంది. మామూలు పుస్తకాలే కాదు, పిల్లల అట్లాసులు కూడా నిలబడతాయి. నిలువు పలకలు కోయగా మిగిలిన రెండడుగుల ముక్కలు రెండు పారేయకండి, వాటి సంగతి తర్వాత చెబుతాను. వెనక వైపుకి 6 ఎంఎం ప్లై వేరే తీసుకోవాలి. అది అలమర పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచుతుంది, అందంగా కనపడదు కదా అని వదిలేస్తే ఆర్నెల్లలో అలమర ఊగడం మొదలుపెడుతుంది.

అరలన్నీ షీటు పొడవు వైపే కోయించండి. పైపొర పీచు సాధారణంగా పొడవునా సాగుతుంది, అటువైపే బలం ఎక్కువ. అడ్డంగా కోసిన అర త్వరగా వంగుతుంది.

రకం ఎంచుకునే దగ్గరే డబ్బు ఆదా, డబ్బు వృథా రెండూ జరుగుతాయి. షాపులో 'కమర్షియల్' అని ఇచ్చేది ఎంఆర్ రకం. గాలిలో తేమకి ఓర్చుకుంటుంది, నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదు. దానికి పైది బీడబ్ల్యూఆర్, మరిగే నీటిని కొంతవరకు తట్టుకునే జిగురుతో చేసింది. ఆ పైన మెరైన్ ప్లై, బీడబ్ల్యూపీ అంటారు. మొదటి రెండూ ఐఎస్ 303 (భారత ప్రమాణం నంబరు) కిందకి వచ్చే రకాలని, మెరైన్‌ది ఐఎస్ 710 అని గుర్తుపెట్టుకోండి. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, దాని పక్కన ఈ నంబరు, లైసెన్సు నంబరు అచ్చయి ఉండాలి. 'వాటర్‌ప్రూఫ్' అనే మాట ఒక్కటే ఉండి నంబరు లేకపోతే ఆ మాటకి విలువ లేదు.

హాల్లో పెట్టే పుస్తకాల అలమరకి మెరైన్ ప్లై అక్కర్లేదు. నేను హైదరాబాద్ వచ్చాక చేసుకున్న అలమర ఎంఆర్ రకమే. అడుగు పలక మాత్రం నేల నుంచి రెండంగుళాలు పైకి లేపి, రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టాను. తడిగుడ్డకి అందదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అయితే బీడబ్ల్యూఆర్ తీసుకోండి. మెరైన్ ప్లైకి పెట్టే అదనపు డబ్బుని సింకు కింది అల్మరాకి దాచుకోండి, అక్కడ అది నిజంగా అవసరం.

షాపులో నిలబడి చేయాల్సిన పనులు మూడు. టేపు పెట్టి మందం కొలవండి, 18 అని చెప్పి 16 ఇచ్చే చోట్లు ఉన్నాయి. అంచు వైపు నుంచి పొరల మధ్య చూడండి, సందులుంటే లోపల డొల్ల. వేలి కణుపుతో షీటంతా తట్టండి, ఒకచోట గట్టిగా ఇంకోచోట బోలుగా వినిపిస్తే వేరే షీటు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, పదేళ్ళు ఇంట్లో ఉంచుకునేది మనమే.

పొడవైన బల్లకో, తలుపుకో అయితే ప్లైవుడ్ కన్నా బ్లాక్‌బోర్డు నయం. రెండు పొరల మధ్య మెత్త చెక్క పట్టీలు పేర్చి చేస్తారు. బరువు తక్కువ, పొడవునా బిగువు ఎక్కువ. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) రంగు వేసుకునే చిన్న వస్తువులకి, జాలీ పనులకి బాగుంటుంది. అంచు నున్నగా వస్తుంది. నీళ్ళ దగ్గర అది కూడా పార్టికల్ బోర్డుకి అన్నదమ్ముడే. దాన్ని ఇంట్లో కోస్తే వచ్చే సన్నని దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మాస్కు లేకుండా ఆ పని పెట్టుకోకండి.

పాత టేకు: దొరికితే అదృష్టం, కానీ అలమరకి కాదు

పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే తలుపులు, ద్వారబంధాలు, దూలాలు అమ్మే కొట్లు ప్రతి పట్నంలో ఉంటాయి. హైదరాబాద్‌లో గురువారం సాగే జుమ్మెరాత్ బజార్‌కి పాత సామాను కోసం ఓపికగా వెళ్ళేవాళ్ళు ఉన్నారు. నలభై, యాభై ఏళ్ళు ఆరిన టేకు ఇక వంకర తిరగదు. కొత్త టేకు కొంటే దానిలో చేవ ఎంత, చేవ చుట్టూ ఉండే తెల్లభాగం ఎంత అని చూసుకోవాలి. చెద పట్టనిది చేవకే. తెల్లభాగాన్ని పురుగు మామూలు కర్రలాగే తింటుంది. పాత దూలంలో తెల్లభాగం తినేసి ఉంటే కంటికి కనిపిస్తుంది, మిగిలింది నమ్మకంగా వాడుకోవచ్చు.

ఇప్పుడు మన అలమరని టేకుతో లెక్క కడదాం. కలప ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నిలువు పలకలు 12 అడుగులు, అరలు 15 అడుగులు, మొత్తం 27 అడుగులు. 12 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం పెట్టుకుంటే 27ని 12తో గుణించి 144తో భాగించాలి: 2.25 ఘనపుటడుగులు. చిత్రిక పడితే మందం తగ్గుతుంది, చివర్లు కోస్తే కొంత పోతుంది. చేతిలో 3 ఘనపుటడుగులు ఉండాలి. మీ ఊళ్ళో టేకు ధరని 3తో, ప్లై ధరని 32తో గుణించి పక్కపక్కన రాసి చూడండి. దాని మీద వడ్రంగి కూలీ కూడా వేయండి. ఎందుకంటే టేకు పలకల్ని అతికి, చిత్రిక పట్టి, కూసాలు (ఒక చెక్క చివర ఇంకో చెక్క రంధ్రంలో దిగే అతుకులు) కొట్టడం కొత్తవాళ్ళ చేతుల్లో తేలేది కాదు. పన్నెండంగుళాల వెడల్పు పలక ఒక్క చెక్కలో దొరకడమే అరుదు.

అందుకే పాత టేకుని నేను అలమరకి వాడను, బల్లకి వాడతాను. ఒక పాత తలుపు చాలు. దాన్ని ముక్కలు చేయనక్కర్లేదు, వడ్రంగితో పెద్ద పని లేదు. పాత రంగు గీకి, మేకులన్నీ పీకి, గరుకు కాగితం 80, 120, 220 నంబర్ల వరసలో రుద్ది, పైన నూనె గానీ పాలిష్ గానీ పట్టించాలి. మేకులు పీకే పని మాత్రం మీరే శ్రద్ధగా చేయండి. ఒక్క మేకు లోపల ఉండిపోయినా మేస్త్రీ చిత్రిక బ్లేడు విరుగుతుంది, అది ఆయన కూలీ డబ్బులో పోయే నష్టం. చిన్న అయస్కాంతం చెక్క మీద జరుపుతూ పోతే దాగిన మేకులు దొరుకుతాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకే పని ఆరుబయట, పిల్లలకి దూరంగా, ముఖానికి మాస్కుతో.

ఆ తలుపుకి కాళ్ళు చెక్కవి పెట్టకండి. వెల్డింగ్ షాపులో అంగుళం చదరపు ఇనుప గొట్టం, మందం 16 గేజ్‌ది, రెండు తీసుకోండి. ఒక్కో గొట్టం 20 అడుగులుంటుంది. 4 అడుగులకి 2 అడుగుల చట్రం, నాలుగు కాళ్ళు, కింద అడ్డపట్టీలు అన్నీ అందులో వస్తాయి. బల్ల పైభాగం నేల నుంచి 29 లేదా 30 అంగుళాలు ఉండాలి. తలుపు మందం ముందే కొలిచి కాళ్ళ పొడవులోంచి తీసేయాలి, ఇది మరిచిపోతే కుర్చీలో కూర్చున్నవాళ్ళ భుజాలు పైకి లేచి మెడ నొప్పి వస్తుంది. కుర్చీ ఎత్తు 17 లేదా 18 అంగుళాలు. ఇనుముకి రెడ్ ఆక్సైడ్ పూత వేశాకే రంగు వేయండి. కాకినాడ, విశాఖ, మచిలీపట్నంలో ఉండేవారు వెల్డింగ్ అతుకుల దగ్గర రెండు పూతలు వేయించాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

పాత తలుపు, ఇనుప చట్రం. రాతబల్లకి, భోజనాల బల్లకి దీన్ని మించిన చవకైన, గట్టి కలయిక నాకు తెలియదు.

కడప బండ: మనం మరిచిపోయిన అర

చెక్క గురించే ఆలోచించే మనం కాళ్ళ కింద ఉన్న రాయిని చూడం. మా అమ్మమ్మగారింట్లో వంటింటి గూళ్ళన్నీ కడప బండలే. చెద పట్టదు, నీళ్ళకి ఉబ్బదు, వంగదు. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే నల్లటి కడప బండ, బేతంచర్ల బండ, తాండూరు బండ, మూడూ మన రాళ్ళే. చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. ఒకసారి మంచి ప్లైవుడ్ ధరతో పోల్చి అడిగి చూడండి.

అద్దె ఇంట్లో గోడ తవ్వి బండ దిగ్గొట్టలేం కాబట్టి రెండు పక్కల సిమెంటు బ్లాకులు పేర్చి వాటి మీద పడుకోబెట్టాలి. సిమెంటు, సున్నం ఏమీ అక్కర్లేదు. ఇల్లు మారేటప్పుడు విడివిడిగా తీసుకెళ్ళవచ్చు. అయితే బరువు గుర్తుంచుకోండి. 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 ఎంఎం మందం ఉన్న బండ సుమారు 15 కిలోలు. అదే కొలత ప్లై మూడున్నర కిలోలు కూడా ఉండదు. అందుకే అతుకు లేకుండా పేర్చేది మూడడుగుల ఎత్తు దాటకూడదు. పాకే పిల్లలు, ఎక్కే పిల్లలు ఉన్న ఇంట్లో ఇది వద్దే వద్దు. రాయి వంగదు గానీ దెబ్బ తగిలితే ఒక్కసారిగా విరుగుతుంది. ఆసరా లేని పొడవు మూడడుగుల లోపే ఉంచండి.

వంటింట్లో డబ్బాలకి, బాల్కనీలో మొక్కల కుండీలకి, దేవుడి పటాల కింద దీపం పెట్టే చోటుకి బండని మించింది లేదు. ఒక్క జాగ్రత్త: ఇది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్ పడితే పాలిష్ తినేసి తెల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు.

ప్యాకింగ్ చెక్క, వెదురు

సరుకు కింద పెట్టే చెక్క ప్యాలెట్లతో సోఫాలు, మంచాలు చేసిన ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్ళు ముందు ఒక్క ప్యాలెట్ విప్పి చూడాలి. మెలితిరిగిన మేకులు పీకడానికే సగం రోజు పడుతుంది, పీకేలోపు సగం బద్దలు చీలతాయి. దేశాల మధ్య తిరిగిన ప్యాలెట్ మీద గోధుమకంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, అది తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, ముట్టుకోకండి. ఏ ముద్రా లేనిది మన దగ్గర కొట్టిన నాటు ప్యాకింగ్ చెక్క కావచ్చు, దానిలో పుచ్చు ఉంటే ఇంట్లో మిగతా సామానుకి కూడా పాకుతుంది. ఏ రసాయనం ఒలికిందో తెలియని ప్యాలెట్‌తో పిల్లల మంచం, వంటింటి వస్తువు చేయకూడదు. బాల్కనీలో కుండీల స్టాండుకి చాలు.

వెదురు సంగతి వేరు. మేదరి పనివాళ్ళు దగ్గర్లో ఉంటే తక్కువ డబ్బులో తడికలు, దీపాల గుమ్మటాలు, బుట్టలు, చిన్న ర్యాకులు చేయించుకోవచ్చు. పచ్చి వెదురులో పిండిపదార్థం కోసం పురుగు వస్తుంది. వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టి, కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టింది మన్నుతుంది. తెచ్చిన కొత్తలో వెదురు కింద సన్నని పసుప్పచ్చ పొడి రాలుతోందంటే లోపల పురుగు పనిచేస్తోందన్నమాట. బరువైన పుస్తకాలకి వెదురుని నేను నమ్మను.

మీరే చేయాలా, మేస్త్రీ చేత చేయించాలా

సొంతంగా అంటే రంపం దగ్గర నుంచి అన్నీ మనమే పట్టుకోవాలని కాదు. ఖర్చు తగ్గేది కొలత మనం వేసుకోవడం వల్ల, బిగింపు మనం చేసుకోవడం వల్ల. కోత మాత్రం ప్లైవుడ్ షాపు వాళ్ళ పెద్ద రంపానికి వదిలేయండి. కోతకి ఇంత అని తీసుకుంటారు, గీత తప్పదు. ఇంట్లో చేతిరంపంతో 8 అడుగుల కోత నిటారుగా కోయడం మంచి మేస్త్రీకే కష్టం. అంచులకి ఎడ్జ్ బ్యాండ్ (అంచుని కప్పే సన్న పట్టీ) కూడా అక్కడే అంటించమనండి. తేమ లోపలికి వెళ్ళే దారి అంచులే.

ఇంట్లో ఉండాల్సిన పనిముట్లు కొద్దే. టేపు, మూలమట్టం, డ్రిల్లింగ్ మెషిన్, రెండు క్లాంపులు. స్క్రూ ఎక్కించే ముందు సన్న రంధ్రం వేయకపోతే ప్లై అంచు చీలుతుంది. 18 ఎంఎం పలకకి రెండంగుళాల లోపు స్క్రూ, 3 ఎంఎం రంధ్రం. ఒక్క అలమర కోసం సర్క్యులర్ రంపం, చెక్కలో గాడులు తీసే రౌటరు కొనడం వల్ల అలమర ఖర్చు రెట్టింపయిన ఇళ్ళు చూశాను. ఫెవికాల్ వాడాలా వద్దా అనేది మేస్త్రీ మూడో ప్రశ్నకి సంబంధించింది. అద్దె ఒప్పందం పదకొండు నెలలకి రాసుకునే మనలాంటివాళ్ళు జిగురు లేకుండా స్క్రూలు, బోల్టులతో బిగించుకుంటే విప్పి ఆటోలో వేసుకుపోవచ్చు. సొంత ఇల్లయితే జిగురు, స్క్రూ రెండూ వేయండి. ఆరడుగుల అలమర ఏదైనా సరే పైన గోడకి ఎల్ పట్టీతో బిగించాలి. ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే ఒప్పించండి. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు, అలమర మీద పడుతుంది.

మేస్త్రీ చేత చేయించాల్సినవి నా దృష్టిలో మూడే: సొరుగులు, తలుపులు, కుర్చీ. కుర్చీ మీద మనిషి వెనక్కి వాలినప్పుడు అతుకు మీద పడే ఒత్తిడికి స్క్రూ నిలవదు, కూసం కావాలి. సొరుగు అర అంగుళం అటూ ఇటూ అయితే తెరుచుకోదు. మంచానికి కూడా చాలామంది ప్లై పెట్టె దివాను చేయించేస్తారు. గదిలో చోటు తక్కువై లోపల సామాను దాచుకోవాలంటే మంచిదే. అది అక్కర్లేకపోతే నవారు మంచం దాని ఖర్చులో చిన్న భాగానికి వస్తుంది, వదులైతే మళ్ళీ మనమే బిగించుకోవచ్చు, ఎండాకాలం డాబా మీదకి ఎత్తుకుపోవచ్చు.

పైపూత

పాత టేకుకి లక్క పాలిష్ ఇచ్చే మెరుపు ఇంకేదీ ఇవ్వదు. కానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. భోజనాల బల్లకైతే పీయూ (పాలీయూరిథేన్) పూత వేయించండి. అవిసె నూనె పట్టించేవాళ్ళు ఒకటి తప్పనిసరిగా తెలుసుకోవాలి: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటిస్తే రెండు వైపులా అంటించాలి. లోపల కనపడదు కదా అని ఒకవైపే అంటిస్తే పలక వంకర తిరుగుతుంది. లోపలి వైపు పల్చటి, చవక రకం చాలు. డబ్బు మరీ తక్కువగా ఉంటే లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది ఎనామెల్ రంగు వేసుకోండి. సన్‌మైకా కన్నా చాలా చవక, గీత పడ్డా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

గోడలకి, గదికి

అలంకరణలో కూడా నేను అదే లెక్క చూస్తాను: ఏది ఇల్లు మారినా వెంట వస్తుంది, ఏది గోడకే ఉండిపోతుంది. గోడకి అంటించే స్టిక్కర్లు, వాల్‌పేపర్ అద్దె ఇంట్లో వృథా. తేమ గోడ మీద ఏడాది తిరక్కుండా బొబ్బలు లేస్తాయి. ఆ డబ్బుతో గుడ్డ కొనండి.

పెడనలో అచ్చు వేసే కలంకారీ, శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీ రెండూ వేరు. గీసింది కళాఖండం, దాని ధర దానికి ఉంటుంది. అచ్చుది మీటర్ల లెక్కన దొరుకుతుంది, కర్టెన్లకి, దిండు గలీబులకి, గోడ పటానికి అదే సరైనది. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు కూడా అమ్ముతారు. చేత్తో వేసిన అచ్చులో ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ మధ్య చిన్న తేడా, అచ్చు అంచులు కలిసే చోట సన్నని జారుడు కనిపిస్తాయి. అన్నీ ఒకే అచ్చుగుద్దినట్టు ఉంటే మెషిన్‌ది. ఒక మీటరు గుడ్డని 6 ఎంఎం ప్లై ముక్క మీద లాగి వెనక స్టేపుల్ చేస్తే పెద్ద పటం తయారు. ఎండ నేరుగా పడే గోడకి మాత్రం పెట్టకండి, సహజ రంగులు వెలుస్తాయి.

నేల మీదకి సింథటిక్ కార్పెట్ కన్నా వరంగల్ జంపఖానా మేలు. దులపవచ్చు, ఉతకవచ్చు, రెండు వైపులా వాడవచ్చు. మన దుమ్ముకి, మన ఎండకి దట్టమైన కార్పెట్ సరిపడదు. దివాను మీదకి కొత్త దుప్పటి కొనేముందు బీరువాలో పాత నూలు చీరలు లెక్కపెట్టుకోండి. నాలుగైదు చీరలతో మంచి బొంత కుట్టించుకోవచ్చు. మా ఇంట్లో ఉన్నది మా అత్తగారి చీరలతో కుట్టించింది, దాని మీద కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఆ గళ్ళ చీర ఎవరిదని అడుగుతారు.

ఇక అలమర షీటులో మిగిలిన ఆ రెండడుగుల ముక్కలు. ఒక్కొక్క దాని కింద రెండు ఇనుప బ్రాకెట్లు బిగిస్తే గోడ అరలు రెండు వస్తాయి. మా ఇంట్లో ఒకదాని మీద ఏటికొప్పాక లక్క బొమ్మలున్నాయి, ఇంకోదాని మీద పొణికి చెక్కతో చేసిన కొండపల్లి దశావతారాల వరస. బ్రాకెట్లకీ స్క్రూలకీ తప్ప వాటికి ఇంకేం ఖర్చు కాలేదు. కిందటి నెల మళ్ళీ ఇల్లు మారినప్పుడు ముందుగా గోడకి ఎక్కినవి ఆ రెండే.